జూలై ఒకటిన పుట్టినవాళ్లు

ప్రపంచంలో తేదీలన్నీ సమానమే అనుకునేవాళ్లు మా పత్రికాఫీసులో చెక్కపెట్టెను చూసి ఉండరు. అందులో మూడువందల అరవై ఆరు అరలున్నాయి. నిజానికి వడ్రంగి మూడువందల అరవై ఐదే చేసి తెచ్చాడు. లీపు సంవత్సరం సంగతి చెబితే, ఒక్క అర కోసం పెట్టంతా విప్పడం తనవల్ల కాదని, ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిని పక్కన పిచ్చుకగూడులా మేకులతో దిగ్గొట్టి వెళ్లిపోయాడు. ఆ గూట్లో ఒకసారి పిచ్చుక గుడ్లు పెట్టిందని చెబితే ఆఫీసులో సగంమంది నమ్మారు. మిగతా సగానికి గుడ్లు మూడని లెక్క చెప్పాను. అప్పుడు వాళ్లూ నమ్మారు.

ఒక్కో అరలో ఆ తేదీ తాలూకు కార్డులుంటాయి. ఆ రోజున ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎక్కడ యుద్ధం మొదలైంది, ఎక్కడ వంతెన తెరిచారు, అన్నీ. అందులోంచి పద్నాలుగు ఏరి, మర్నాటి పత్రికలో "ఈ రోజు" అనే శీర్షిక కింద అమర్చడం నా పని. ప్రూఫ్‌రీడరుగా రిటైరైనా నన్ను ఇంటికి పంపకుండా ఈ పెట్టె ముందు కూర్చోబెట్టారు. పదహారేళ్లయింది. ఈ పదహారేళ్లలో నేను రోజుకు పద్నాలుగు చొప్పున ఎన్ని రాజ్యాలు కూల్చానో, ఎంతమంది మహామహులకు పురుడు పోశానో లెక్క చెప్పమంటే చెప్పలేను.

అన్ని అరలూ ఒక ఎత్తు, జూలై ఒకటి ఒక ఎత్తు. ఆ అర మూత పడదు. సంఘటనలు మామూలుగానే ఉంటాయి. సముద్రంలో ఓడలు ఆపదలో పంపే ఎస్.ఓ.ఎస్. సంకేతం అమల్లోకి వచ్చింది ఆ రోజునే. ఫ్రాన్సులో పేరుమోసిన సైకిల్ పందెం మొదలైందీ, సోమ్ నది ఒడ్డున ఒక్క పగట్లో పందొమ్మిది వేలమంది సైనికులు చచ్చిపోయిందీ ఆ రోజునే. అరను మూత పడనివ్వనివి జననాల కార్డులు. అరవై మూడు. దానికి కారణం పాత కాలపు బడిపంతుళ్లు. పిల్లవాణ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన తండ్రిని పుట్టిన తేదీ అడిగితే "వానల్లోనండీ, గేదె ఈనిన వారంలో" అనేవాడు. పంతులుగారు గేదెను రిజిస్టర్లో రాయలేక, బడి తెరిచిన నెల చూసి జూలై ఒకటి అని గీకేసేవారు. అలా పుట్టినవాళ్లే కొందరు పెరిగి జడ్జీలూ శాస్త్రవేత్తలూ అయి నా అరలోకి వచ్చి పడ్డారు. ఈ కార్డులే గనక నిజమైతే ఆ రోజు మంత్రసానులకు మంచినీళ్లు తాగే తీరిక కూడా ఉండి ఉండదు.

మేమూ ఆ బాపతే. మా నాన్న అన్నయ్యనూ నన్నూ ఒకే రోజు బడికి లాక్కెళ్లాడు. పంతులుగారు నాకు జూలై ఒకటి రాసి, ఆ ఊపులో తలెత్తకుండా అన్నయ్యకూ అదే తేదీ, అదే సంవత్సరం వేసేశారు. అన్నయ్య నాకంటే రెండేళ్లు పెద్ద. కాగితాల్లో మాత్రం కవలలం. అన్నయ్య బస్సు డిపోలో టైర్ల మేస్త్రీ అయ్యాడు, నేను పత్రికలో ప్రూఫులు దిద్దుకున్నాను. ఇద్దరం ఒకే సాయంత్రం రిటైరయ్యాం. "నా రెండేళ్ల జీతం ఆ పంతులు మింగాడ్రా" అని అన్నయ్య తిట్టుకునేవాడు. నిజానికి వాడికి రెండేళ్లు ఎక్కువ వచ్చాయి. ఆ లెక్క నేను ఎంత చెప్పినా వాడి బుర్రకెక్కలేదు.

అన్నయ్య ఏప్రిల్లో పోయాడు. ఫోన్ వచ్చేసరికి నేను పదకొండో కార్డు దగ్గరున్నాను. మిగతా మూడూ పూర్తి చేసి, ప్రూఫు కూడా చూసి, అప్పుడు వెళ్లాను. ఎందుకలా చేశావని ఎవరూ అడగలేదు. అక్కడ అందరూ ఏడుస్తున్నారు. వదిన నా చెయ్యి పట్టుకుని "నువ్వూ ఏడవ్వయ్యా, తేలికపడతావు" అంది. తేలికపడడానికి నాకు బరువేమీ అనిపించలేదు. చెయ్యి మీద తల పెట్టి నిద్రపోతే, లేచాక ఆ చెయ్యి ఎవరిదో పట్టుకున్నట్టు ఉంటుంది చూడండి. అలా ఉంది, ఒక్క చెయ్యి కాదు, మొత్తం. తింటున్నాను, పడుకుంటున్నాను, బస్సెక్కుతున్నాను. ఆఫీసులో టీ వేళకు నా కోతలు వినడానికి చుట్టూ చేరే అలవాటున్నవాళ్లు రెండు వారాలు చూసి, ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకుని ఎవరి బల్ల దగ్గరికి వాళ్లు పోయారు. ఎగతాళి మాట్లాడడం మానలేదు. అది నోటి అలవాటు. నోరు దాని పని అది చేసుకుపోతుంది, నన్ను అడగదు.

ఇంతకీ జూలై ఒకటి సంగతి. అరవై మూడు మందిలోంచి ఆరుగురినే ఏరాలి. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. బతికున్నవాళ్లకు ప్రతి ఏడాదీ చోటు. పోయినవాళ్లకు పదేళ్లకొకసారి. ఏ తేదీకైనా, ఎవరింట్లో ఎవరున్నారో తెలుసుకోవడానికి ముందురోజు నేను ఫోన్ చేసేవాణ్ని. ఒక ఇంటికి ఫోన్ చేసి "మీ ఇంటాయన ఉన్నారా, పోయారా" అని అడగడం కత్తి మీద సాము. అందుకని ఒక్కో ఇంటికి ఒక్కో దారి కనిపెట్టుకున్నాను. గోల్‌కీపర్ ఇంట్లో ఫోనెత్తేది ఆయన చెల్లెలు. ఆ గోల్‌కీపర్ పూర్వం జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు ఆడినవాడు, చిటికెన వేలు విరిగి ఉండగా ఒకే మ్యాచ్‌లో రెండు పెనాల్టీలు ఆపినవాడు. మ్యాచ్ మనవాళ్లు ఓడిపోయారు, అది వేరే సంగతి. నేను "చెల్లెమ్మా, అన్నయ్యగారు గోల్లోనే ఉన్నారా?" అనేవాణ్ని. ఆవిడ నవ్వి "ఎక్కడికి పోతాడండీ పేపరాయన గారూ, గోల్లోనే ఉన్నాడు" అనేది. అంతే. ఏడాదికి ఆ రెండు ముక్కలే మా పరిచయం.

ఈ ఏడాది ఆ పద్ధతి చెడింది. మే నెలలో ఒక పాత కెమెరామన్‌కి తొంభై రెండేళ్లు నిండాయని వేశాం. ఆయన పోయి రెండేళ్లయిందట. ఫోనెత్తినవాడు ఆ ఇంట్లో అద్దెకున్నవాడు, ఏ "ఆయన" గురించి అడిగారో తెలియక ఉన్నారనేశాడు. మర్నాడు కెమెరామన్ కూతురు ఆఫీసుకొచ్చి, ఆ పేజీని డెస్క్ ఇన్‌ఛార్జి బల్ల మీద పరిచి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

మా ఇన్‌ఛార్జికి నలభై ఏళ్లుంటాయి. నన్ను బాబాయ్ గారూ అంటుంది, పని మాత్రం పిండుతుంది. జూన్ ముప్పై పొద్దున పిలిచింది.

"బాబాయ్ గారూ, ఎనభై దాటినవాళ్ల విషయంలో ఇక ఫోన్లు వద్దు. మనిషి వెళ్లి కళ్లతో చూడాలి."

"చూసి?"

"కార్డు వెనక 'చూశాను' అని రాసి సంతకం పెట్టండి."

"పళ్లు కూడా లెక్కపెట్టుకు రానా?"

"రేపటి వాటిలో ముగ్గురున్నారు. సాయంత్రం ఆరులోపు వచ్చేయండి, ఏడుకు పేజీ పోవాలి." నా హాస్యం ఆవిడ చెవిదాకా వెళ్లలేదు. వెళ్లాలని నాకూ లేదు.

మొదటి ఇంట్లో మాజీ జడ్జిగారు నన్ను తలుపు బయటే నిలబెట్టి పైనుంచి కిందికి చూశారు. "నేను బతికే ఉన్నాను. మీ సంగతేమిటి?" అన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. రెండో ఇంట్లో వృక్షశాస్త్రం ప్రొఫెసరుగారు మంచం మీద నిద్రపోతున్నారు. కోడలు "గురక వినిపిస్తోందిగా, చాలదా?" అంది. చాలని సంతకం పెట్టాను. మూడోది గోల్‌కీపర్. చేరేసరికి నాలుగైంది.

వాళ్లిల్లు పాత స్టేడియంలో, గ్యాలరీ మెట్ల కింద. పూర్వం క్రీడా సంఘంవాళ్లు పేరున్న ఆటగాళ్లకు బతికున్నంతకాలం ఉండమని అక్కడ నాలుగు గదులిచ్చారు. మూడింటికి తాళాలు పడి, తాళాలకు తుప్పు పట్టింది. నాలుగో గది పైకప్పు మెట్లు మెట్లుగా దిగుతుంది. గుమ్మం దగ్గర ఆరడుగుల మనిషి నిలబడొచ్చు, లోపలి గోడ దగ్గర కోడిపిల్ల కూడా వంగాలి. స్టవ్వు ఎత్తున్న చోట, మంచాలు ఎత్తులేని చోట. ఎదురుగా మైదానం. గోల్ స్తంభాలున్నాయి, వల లేదు.

ఆవిణ్ని చూడడం అదే మొదటిసారి. డెబ్బై నాలుగేళ్లట, సన్నగా, చీర కొంగు బొడ్లో దోపి, వాకిలి ఊడుస్తోంది. నేనెవరో చెప్పాను. చీపురు పట్టుకునే నిలబడిపోయింది.

"ఫోన్ చేస్తారనుకున్నాను" అంది.

"ఈసారి నన్నే పంపారు చెల్లెమ్మా. అన్నయ్యగారు గోల్లోనే ఉన్నారా?"

అలవాటుగా అడిగేశాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత చీపురును గోడకు ఆనించింది. అది జారి పడింది, మళ్లీ ఆనించింది.

"కూర్చోండి. టీ పెడతాను" అంది.

స్టూలు మీద కూర్చున్నాను. లోపల రెండు మంచాలున్నాయి. ఒకదాని మీద దుప్పటీ, దిండు. రెండోదాని మీద ఉతికి మడతపెట్టిన బట్టలు, ఒక గొడుగు, ఉల్లిపాయల బుట్ట. ఉల్లిపాయల కింద మనిషి పడుకోడు కదా. అప్పుడే అర్థమైంది. అర్థమైనా లోపల ఏమీ కదల్లేదు. జడ్జిగారు, ప్రొఫెసరుగారు, ఇదొకటి అనుకున్నాను.

టీ గ్లాసు నా చేతికిచ్చి, ఆవిడ గడప మీద కూర్చుంది.

"ఫోన్లో అయితే ఉన్నాడనేదాన్ని. మనిషి ఎదురుగా ఉంటే నోరు రావట్లేదు."

"ఎప్పుడు చెల్లెమ్మా?"

"మూడేళ్లయింది. జూన్ పదకొండు. కంటి ఆపరేషన్‌కని మా మేనల్లుడి ఊరు తీసుకెళ్లాను. కన్ను బాగానే చేశారు. మూడోనాడు గుండె ఆగింది. అక్కడే అంతా అయిపోయింది. ఇక్కడ చెప్పడానికి ఎవరున్నారు? ఈ మూడు తాళాలకు చెప్పాలి."

"మరి నాతో..."

"నేను తిరిగొచ్చిన వారానికి మీరు ఫోన్ చేశారు. గోల్లోనే ఉన్నారా అన్నారు. ఉన్నాడండీ అనేశాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, లేడు కదా అని."

"నవ్వారు కూడా."

"నవ్వానా?"

"నవ్వారు."

"అవునా" అంది. కాసేపు మైదానం వైపు చూసింది. సున్నం గీతలు చెరిగిపోయి అక్కడక్కడా తెల్లగా మిగిలాయి. "మళ్లీ చేసి చెబుదామనే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే సంఘం గుమాస్తా వచ్చేశాడు, చేతిలో మీ పేపరు."

ఆ గుమాస్తా సంగతి ఆవిడ చెబుతుంటే, నేను కట్టే కథల్లో కూడా ఇంత మెలిక పెట్టలేదనిపించింది. గదిలో ఉన్న ఆటగాడు బతికున్నట్టు ఏటా ఒక రుజువు ఫైల్లో పెట్టాలి. గుమాస్తాకు డాక్టరు సర్టిఫికెట్ల చుట్టూ తిరిగే ఓపిక లేదు. జూలై ఒకటిన మా శీర్షిక కత్తిరించి, ఫైల్లో అంటించి, కింద ముద్ర వేసేస్తాడు. పదేళ్లుగా అదే రుజువు. అంటే సంఘం మా పత్రికను నమ్మింది. పత్రిక నన్ను నమ్మింది. నేను ఆవిడ నోటిని నమ్మాను. ఆవిడ నోరు దానంతటదే వాగింది. నలుగురం కలిసి మూడేళ్లుగా ఒక చచ్చిపోయిన మనిషిని గోల్లో నిలబెట్టాం, ఒక్కరం కూడా అటు తిరిగి చూడకుండా.

"ఆయన పుట్టింది కూడా జూలైలో కాదండీ" అంది ఆవిడ. "చలికాలంలో పుట్టాడని మా అమ్మ చెప్పేది. బళ్లో అలా రాశారు."

అంటే ఆ కార్డులో గోల్‌కీపర్ అన్న మాట తప్ప మిగిలినదంతా అబద్ధమే.

"రేపు పేపర్లో రాకపోతే?" అన్నాను.

"గుమాస్తా వచ్చి అడుగుతాడు. చెడ్డవాడు కాదు పాపం, రెండు టీలు తాగిపోతాడు. కానీ ఫైల్లో ముక్క లేకపోతే అతను మాత్రం ఏం చేస్తాడు? నెల రోజుల్లో ఖాళీ చెయ్యమని కాగితమిస్తారు. పక్కగది వెయిట్‌లిఫ్టర్ భార్యకు అలాగే ఇచ్చారు. మంచం పట్టుకెళ్లడానికి ఆటో దొరక్క, అదిగో, అక్కడే కూర్చుంది సాయంత్రందాకా."

"మీరు ఎక్కడికెళ్తారు?"

"తెలీదు. మేనల్లుడికి రెండు గదులు, అయిదుగురు మనుషులు. ఆలోచిద్దామని రోజూ కూర్చుంటాను. బుర్ర కదలదు. లేచి ఊడుస్తాను."

నేను టీ తాగాను. అందులో పంచదార వెయ్యలేదు. ఆవిడా అదే తాగుతోంది, ఆవిడకూ తెలియలేదు.

"చెల్లెమ్మా, ఒకటడుగుతాను. ఏడ్చారా?"

"లేదండీ." ఆ ప్రశ్నకు ఆవిడేమీ నొచ్చుకోలేదు. టైమెంతయింది అంటే చెప్పినట్టు చెప్పింది. "మేనల్లుడు ఏడ్చాడు, నర్సు కూడా కళ్లు తుడుచుకుంది. నేను ఆస్పత్రి గ్లాసు ఒకటి మా సంచిలో ఉండిపోతే, అది తిరిగివ్వాలని తిరుగుతున్నాను. ఏ వార్డుదో ఎవరూ చెప్పరు. గంటసేపు ఆ గ్లాసు పట్టుకుని తిరిగాను. ఆఖరికి ఇచ్చేశాను."

"మా అన్నయ్య ఏప్రిల్లో పోయాడు."

"అయ్యో. మీరు..."

"మూడు కార్డులు మిగిలుంటే పూర్తి చేసి వెళ్లాను."

"ఏం కార్డులు?"

ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు ఆ మాట. "ఒక వంతెన, ఒక భూకంపం. ఇంకోటి ఎవరో చిత్రకారుడు, నీటిరంగులవాడు."

"ఆహా" అంది. తలూపింది. ఇద్దరం గ్లాసులు కింద పెట్టాం.

లేచాను. కార్డు జేబులోనే ఉంది. ఆవిడకూ తెలుసు.

"నేనేమీ అడగనండీ" అంది. "ఫోన్లో ఒక మాట అనడం వేరు, మీరు సంతకం పెట్టడం వేరు. మీ ఉద్యోగం మీదికి తెచ్చుకోకండి. లేరని రాసేయండి."

"మీరు?"

"ఊడుస్తాను" అంది. అది వేళాకోళమో కాదో తెలియలేదు. వంగి రెండు గ్లాసులూ తీసుకుంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మామూలుగా అయితే అదొక పండగ నాకు. గోల్‌కీపర్ కార్డు తీసి చూశాను. వెనక వైపు ఖాళీ. "లేరు" అని రాస్తే రెండక్షరాలు. "చూశాను" అంటే మూడు. ఒక్క అక్షరం తేడాకు ఒక మనిషి మంచం వీధిలో పడుతుందన్నమాట. ఇలా అనుకుంటే ఏదో ఒకటి అనిపించాలి కదా అని ఎదురుచూశాను. కండక్టరు వచ్చి టికెట్ అడిగాడు. ఇచ్చాను. ఆఫీసు వచ్చేదాకా ఏదీ రాయలేదు.

ఆరుంబావుకు ఇన్‌ఛార్జి ముందు నిలబడ్డాను. ఆవిడ తెర మీద పేజీ పరిచి ఉంచింది. ఎస్.ఓ.ఎస్., సైకిల్ పందెం, సోమ్ నది, అన్నీ వరసలో ఉన్నాయి. తొమ్మిదో వరస గోల్‌కీపర్‌ది. పక్కన చిన్న అక్షరాల్లో ఒక భూగర్భ శాస్త్రవేత్తను సిద్ధంగా పెట్టుకుంది, గోల్‌కీపర్ జారితే ఎక్కించడానికి.

"జడ్జిగారు?"

"ఉన్నారు. నా మీదే అనుమానపడ్డారు."

"ప్రొఫెసర్?"

"గురక పెడుతున్నారు."

"గోల్‌కీపర్? చూశారా?"

నోరే అందుకుంది.

"చూడకేం? వెళ్లేసరికి గడప మీద కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు. ఎనభై ఆరేళ్ల మనిషి, సూదిలో దారం తానే ఎక్కిస్తున్నాడమ్మా, అదీ నాలిక బయటపెట్టి. నన్ను చూసి లేస్తాడనుకుంటే లేవలేదు. కాళ్లకు మట్టుంది, అక్కడే నిలబడు అన్నాడు."

"మిమ్మల్నే?" అంది, కళ్లు తెర మీదే ఉంచి.

"నన్నే. పెద్దమనుషుల్ని పట్టుకుని అలా అంటారా అంటే, నీకంటే రెండేళ్లు పెద్దవాణ్ని అన్నాడు."

"రెండేళ్లా? మీకు డెబ్బై ఆరేగా."

"లెక్కలు రావులెమ్మా ఆయనకి. సరే, బిస్కెట్లు పెట్టారు. పరీక్ష చేద్దామని ఒక బిస్కెట్ ఆయన చెవి పక్కనుంచి విసిరాను. చూడనైనా చూడకుండా ఎడమ చేత్తో పట్టి నోట్లో వేసుకున్నాడు. రెండోది విసిరాను. అదీ పట్టాడు. మూడోది విసిరితే వదిలేశాడు. ఏమండీ అంటే, అది గోల్ బయటికి పోయేది, నాకెందుకు అన్నాడు."

పక్క బల్ల దగ్గర క్రీడల పేజీ చూసేవాడు నవ్వాడు. కుర్చీ ఇటు తిప్పాడు. ఇంకో ఇద్దరు తలలెత్తారు. రెండు నెలల తర్వాత నా చుట్టూ మళ్లీ మనుషులు చేరారు. నాకు ఆపాలనిపించలేదు.

"టీ ఇస్తే సాసర్లో పోసుకుని మూడుసార్లు ఊదాడు. ఎండాకాలమైనా మూడుసార్లే, చలికాలమైనా మూడుసార్లే. రెండు ఊదితే కాలుతుంది, నాలుగు ఊదితే టీ అలుగుతుందట. ఇంతలో రోడ్డు మీద బస్సు పోయింది. కళ్లు మూసుకుని విన్నాడు. వెనక కుడివైపు లోపలి టైర్లో గాలి తక్కువుందిరా, ఆ డ్రైవరు గాడిదకు చెప్పేవాడు లేడు అన్నాడు."

"గోల్‌కీపర్‌కి టైర్ల సంగతి ఎలా తెలుసు?" అంది ఇన్‌ఛార్జి.

తల ఇటు తిప్పింది. నేను ఆగాను. అంతసేపూ నేను ఎవర్ని చూస్తున్నానో అప్పుడు తెలిసింది. గడప, చెప్పు, నాలిక, సాసరు, అంతా కళ్ల ముందు అలాగే ఉంది. ఏప్రిల్ నుంచి ఎంత తలుచుకుందామన్నా వాడి మొహం గుర్తుకు రాలేదు. ఇప్పుడు మొహం మీద గడ్డం గీసుకోవడంలో వదిలేసిన నాలుగు వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి.

"బంతిలో గాలి తెలిసినవాడికి టైర్లో గాలి తెలీదా అమ్మా?" అన్నాను. నోరు పని చేస్తూనే ఉంది.

అందరూ నవ్వారు, ఇన్‌ఛార్జి తప్ప. ఏప్రిల్లో ఆవిడ మా అన్నయ్య ఇంటికి వచ్చింది. డిపో వాళ్లంతా ఖాకీ చొక్కాల్లో వచ్చి నిలబడ్డారు, వాళ్ల పక్కనే నిలబడింది. ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. తర్వాత నా చేతిలోని కార్డును చూసింది. ఆ కెమెరామన్ కూతురు గుర్తొచ్చి ఉంటుంది. రాకుండా ఎలా ఉంటుంది?

"ఆయనకు ఎవరున్నారు, బాబాయ్ గారూ?"

"చెల్లెలుంది. ఆ గది తప్ప ఏమీ లేదు."

"గది ఆయన పేరు మీదేనా?"

"ఆయన ఉన్నంతకాలం."

ఆవిడ పెన్ను నా వైపు జరిపింది. "రాసి సంతకం పెట్టండి. కిందే నాకూ కాస్త చోటుంచండి."

"నీకెందుకమ్మా?"

"మీరొక్కరే చూశారంటే ఎవరైనా నమ్ముతారా? మీ సంగతి ఊరందరికీ తెలుసు."

నేను మూడక్షరాలు రాసి సంతకం పెట్టాను. కింద ఆవిడ పెట్టింది. భూగర్భ శాస్త్రవేత్త తెర మీంచి మాయమయ్యాడు.

"ఇంకేమన్నాడు?" అన్నాడు క్రీడల పేజీవాడు, కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుని.

"వెళ్లొస్తానంటే, ఉండరా, ఇంకో కప్పు తాగి పో అన్నాడు."

"ఉన్నారా?"

"లేదు" అన్నాను.

మర్నాడు తొమ్మిదిన్నరకు నా బల్ల మీది ఫోన్ మోగింది. ఇన్నేళ్లలో ఆవిడ నాకు ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి.

"పేపరాయన గారూ, గుమాస్తా వచ్చి వెళ్లాడు."

"ఏమన్నాడు?"

"ఎనభై ఆరేళ్లకు గట్టి మనిషే అన్నాడు. లోపల పడుకున్నాడా, లేపకండి అన్నాడు."

"మీరేమన్నారు?"

"లేపనన్నాను."

ఆవిడ వెనక మైదానంలో ఎవరో రోలరు లాగుతున్నారు. దాని ఇరుసు కిర్రుమంటోంది. ఇటు మా ఆఫీసులో ఎవరివో చెప్పుల చప్పుళ్లు. వచ్చే జూలై గురించి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

"ఇక పెట్టేస్తారా?" అంది కాసేపటికి.

"మీరు పెట్టండి చెల్లెమ్మా."

"సరే" అంది. రోలరు మైదానం ఆ చివరిదాకా పోయి, తిరిగి వస్తున్నట్టుంది. కిర్రుచప్పుడు మళ్లీ దగ్గరైంది. ఇద్దరమూ పెట్టలేదు.